మూడు లైన్ల ఆకాశం

దేశంలో ఇంతవరకూ ఒక్కసారి కూడా అబద్ధం కాని వాక్యం ఒకే ఒక్కటి ఉంది. అది ఏ మహానుభావుడో అన్నది కాదు. ఎవరూ కోర్టులో ప్రమాణం చేసి చెప్పిందీ కాదు. మా పేపర్లో రెండో పేజీ అడుగున, కుడిచేతి మూల, అగ్గిపెట్టెంత డబ్బాలో రోజూ అచ్చవుతుంది.

"రాగల నలభై ఎనిమిది గంటల్లో దేశంలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు కురిసే అవకాశం ఉంది. మిగతా చోట్ల వాతావరణం పొడిగా ఉంటుంది. ఉష్ణోగ్రతలు సాధారణం కంటే కాస్త ఎక్కువగా నమోదు కావచ్చు."

చదివారా? ఇంకోసారి చదవండి. ఎక్కడైనా తప్పు పట్టగలరేమో చూడండి!

దేశమన్నాక ఒకటి రెండు చోట్ల ఉరమకుండా ఉంటుందా? ఉరిమిన చోట ఈ వాక్యం నిజం. ఉరమని చోట మాత్రం అబద్ధమా? 'మిగతా చోట్ల' అని ముందే అన్నాం కదా, అక్కడా నిజమే. తడిసి ముద్దయినవాడూ, నెత్తి మాడినవాడూ ఒకే వాక్యం కింద పక్కపక్కన నిలబడి తలలూపవచ్చు. ఇంతమందిని ఒక్క మాట మీదికి తెచ్చిన నాయకుడు ఎవరైనా ఉన్నారా?

అయినా జనానికి విశ్వాసం లేదు. బస్టాపులో, సెలూన్లో, లిఫ్టులో ఎక్కడ చూసినా వాతావరణ సూచనను ఆడిపోసుకోవడమే. "వాన పడుతుందన్నారా? అయితే బట్టలు ఆరేసుకోవచ్చు" అని ఒకరు, "ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడో చెప్పి చావచ్చుగా" అని ఇంకొకరు. సెలూన్ ఆయనైతే నా మెడ మీద కత్తి పెట్టి మరీ అడిగాడు. అంత అసౌకర్యమైన స్థితిలోనూ నేను వెనక్కి తగ్గలేదు. ఈ కాలానికి దొరికిన పెద్ద వరం ఈ సూచనే అని అక్కడే చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

చెప్పడానికి నాకేం అర్హత అంటారా? ఈ కాలమ్ వారానికోసారి రాస్తాను గానీ, ఆ డబ్బాను రోజూ నింపేది నేనే. ఆఫీసులో చేరిన కొత్తలో ఎడిటర్ గారు "వాతావరణం ఎవరు చూస్తారు?" అని అడిగినప్పుడు నేను కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. అంతకు మించిన అర్హత ఇంకేం కావాలి?

వాతావరణ శాఖ బులెటిన్ రోజూ సాయంత్రం నాలుగింటికి వస్తుంది. దాన్ని నేను కుదించి మూడు లైన్లు చేసి, పేజీలు పెట్టే ఆయనకు ఇస్తాను. ఆయన్ని మేమందరం మిల్లీమీటర్ అంటాం. అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా కనిపించదు. మూడు లైన్లంటే మూడే. ఒకసారి తుపాను వచ్చిందని నాలుగో లైను అడిగితే, పైనున్న ఫ్యాన్ల ప్రకటనను స్కేలుతో కొలిచి చూపించి, "తుపానునే కొంచెం జరగమనండి" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆకాశం ఎంత పెద్దదైనా మూడు లైన్లలో ఇమడాలి. దాన్నే నేను క్రమశిక్షణ అంటాను.

పాఠకులు గుర్తించలేదనుకోకండి! రిటైరైన హెడ్మాస్టరు గారొకరు పోయిన నెల కార్డు రాశారు. "ఈ మధ్య మీ వాతావరణ సూచన ఆశ్చర్యం కలిగించేంత ఖచ్చితంగా ఉంటోంది. గతంలో ఇంత నిలకడ ఉండేది కాదు. సంబంధిత ఉద్యోగికి నా అభినందనలు." ఆ కార్డు నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. సంబంధిత ఉద్యోగికి అభినందనలు రావడం మా ఆఫీసులో అదే మొదలు.

ఈ వాక్యం మా ఇంట్లో తెచ్చిన ప్రశాంతత గురించి చెప్పకపోతే పాపం. మా అమ్మాయి పరీక్ష రాసి వచ్చింది. ఇదివరకైతే ఎలా రాశావు, ఎన్ని వస్తాయి అంటూ ఇల్లంతా రచ్చ. ఈసారి అది చెప్పులు విప్పుతూనే, "రాగల ఫలితాల్లో ఒకటి రెండు సబ్జెక్టుల్లో తేలికపాటి నుంచి మోస్తరు మార్కులు పడే అవకాశం ఉంది. మిగతా సబ్జెక్టుల్లో పొడిగా ఉంటుంది" అని గదిలోకి వెళ్ళిపోయింది. ఏమనగలను? తండ్రి భాషలోనే చెప్పింది.

మా ఆవిడ జాకెట్లు కుట్టే దర్జీ కూడా మా పేపరే చదువుతాడు. పెళ్ళి ఎల్లుండి, జాకెట్టు ఎప్పుడిస్తావని ఆవిడ నిలదీస్తే, రేపటికి ఒకటి రెండు చోట్ల కుట్టు పడే అవకాశం ఉందని చెప్పి పంపాడు. పడింది కూడా. సరిగ్గా ఒకటి రెండు చోట్లే పడింది. ఆవిడ పెళ్ళంతా పైట సర్దుకుంటూ కూర్చుంది. అయినా మాట తప్పాడని అతన్ని ఎవరైనా అనగలరా? మా ఇంటి పైపు కారుతోందని పిలిస్తే ప్లంబరు నలభై ఎనిమిది గంటలన్నాడు. ఏ రోజు నుంచి మొదలుపెట్టి లెక్కేయాలో చెప్పలేదు. ఆ నలభై ఎనిమిది గంటలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఇక ఈ ఏటి వసంతం గురించి. గోడ మీది కేలెండరు వసంతమనే అంటుంది. ఆ గోడను ముట్టుకుంటే మాత్రం చెయ్యి కాలుతుంది! దుప్పట్లు మడతపెట్టే తీరిక కూడా ఇవ్వకుండా ఎండ వచ్చి హాల్లో కూర్చుంది. మా వీధి మలుపులో స్వెట్టర్లమ్మే ఆయన సరుకు సర్దకముందే ఐస్‌క్రీమ్ బండి వచ్చేసింది. ఇద్దరూ వారం రోజులు ఒకే గొడుగు కింద వ్యాపారం చేశారు. పొద్దున చెమటలు, మధ్యాహ్నం కొలిమి, అంతలో ఎక్కణ్ణుంచో ఒక ఈదురుగాలి. ఒకరోజు అలా వచ్చిన గాలికి ఎవరిదో చొక్కా మా బాల్కనీలో పడింది. నాకు సరిపోయింది. ఒకటి రెండు చోట్ల లాభాలు కూడా కురుస్తాయని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను.

అయితే ఈ వాక్యాన్ని నాకంటే మనస్ఫూర్తిగా నమ్మినవాడు ఇంకొకడున్నాడు. మా బావ.

మా అక్కా బావా ఊరి చివర ఇటుకల బట్టీ నడుపుతారు. ఇటుకల సంగతి తెలియనివారికి ఒక్క ముక్క చెబుతాను. అచ్చులోంచి తీసిన పచ్చి ఇటుక బట్టీలోకి పోయే ముందు పది రోజులు ఆరుబయట ఆరాలి. అప్పటిదాకా అది ఇటుక కాదు, బుద్ధిగా నిలబడ్డ బురద. దాని మీద నాలుగు చినుకులు పడితే మళ్ళీ బురదే. పోనీ టార్పాలిన్ పట్టాలు కప్పి ఉంచుదామా అంటే, ఇలాంటి ఎండలో పట్టా కింద ఉక్కకు చెమటపట్టి మెత్తబడిపోతుంది. కప్పితే ఒక తంటా, విప్పితే ఒక తంటా. ఎప్పుడు కప్పాలో తెలిసినవాడిదే ఇటుక.

ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ గోడలన్నిటికీ ఇటుకలు చేసిన ఆ ఇద్దరూ ఇప్పటికీ బట్టీ పక్కన రేకుల షెడ్డులోనే ఉంటున్నారు. ప్రతి ఏడూ ఈసారి ఇటుకలు మనింటికే అనుకోవడం, ఎవరో లారీ వేసుకొచ్చి బతిమాలడం, బావ మెత్తబడి ఎక్కించి పంపడం. బావ మనసు కూడా పచ్చి ఇటుకే. ఈ ఏడు అక్క పట్టుబట్టింది. సీజన్లో ఆఖరి బట్టీ తమ ఇంటికేనని తేల్చి చెప్పింది. బావను నమ్మలేక, పచ్చిగా ఉండగానే ఒక్కో ఇటుక మూలన తన బొటనవేలు నొక్కింది. వేలిముద్ర ఉన్న ఇటుక లారీ ఎక్కితే ఊరుకునేది లేదని ముందే చెప్పేసింది. అలా పన్నెండు వరసలు. అన్నిటికీ సరిపడా పట్టాలు షెడ్డులో ఉన్నాయి. పనివాళ్ళు మాత్రం సీజను అయిపోయిందని ఊళ్ళకు వెళ్ళిపోయారు. పన్నెండు వరసలూ ఇద్దరే కప్పాలంటే రెండు గంటలు పడుతుంది.

బావ ఫోన్లో వాతావరణం చూపించే యాప్ ఉంది. అందులో నవ్వే సూర్యుడు కూడా ఉన్నాడు. బావ దాని జోలికి పోడు. ఫోన్లోది ఎవరు రాశారో తెలీదు, పేపర్లోది మా బావమరిది రాసింది అంటాడు. పొద్దున్నే రెండో పేజీ తిప్పి డబ్బా చదివి, ఆ తర్వాతే టీ తాగుతాడు. ఇంత అభిమానం నా కాలమ్ మీద ఎవరికీ లేదు. బావకు కూడా లేదు.

ఇప్పుడు చూడండి బావ తెలివి! పేపర్లో ఒకటి రెండు చోట్ల అన్నారు కాబట్టి, రోజుకు రెండు వరసల చొప్పున పట్టా కప్పడం మొదలుపెట్టాడు. ఇవాళ మొదటి రెండు, రేపు తర్వాతి రెండు. ఏ వరసకూ అన్యాయం జరగకూడదట. అక్క నవ్వి, వాన వరసలు లెక్కపెట్టుకుని పడుతుందా అని అడిగిందట. బావ పేపరు మడతపెట్టి చూపించాడట. అచ్చులో ఉన్నదాన్ని కాదనే ధైర్యం అక్కకు లేకపోయింది.

ఒక గురువారం పొద్దున ఏడింటికి బావ నుంచి ఫోను వచ్చింది. ఎండ అప్పటికే చురచురలాడుతోంది.

"ఏమోయ్, ఇవాళ ఆ ఒకటి రెండు చోట్లలో మనం ఉన్నామా?"

"ఉండే అవకాశం ఉంది బావా. లేకపోయే అవకాశమూ ఉంది."

ఇద్దరం నవ్వుకున్నాం. బావ వెళ్ళి ఆనాటి వంతు రెండు వరసలూ కప్పి, మిగతా పదీ ఎండకు వదిలేశాడు.

మధ్యాహ్నం మూడింటికి పడమటి దిక్కు నల్లబడింది. గాలి వచ్చింది. గాలి వెనకే వడగళ్ళు వచ్చాయి, నిమ్మకాయంతవి. ఇరవై నిమిషాలు. మళ్ళీ ఎండ వచ్చేసింది, ఏమీ ఎరగనట్టు.

మర్నాడు వెళ్ళి చూశాను. పన్నెండు వరసల్లో రెండు నిలబడి ఉన్నాయి. మిగతా చోట పదునైన మూలలూ లేవు, వరసలూ లేవు, ఎర్రటి బురద మాత్రం ఉంది. పది వరసలకూ సరిపడే పట్టాలు షెడ్డులో మడత విప్పకుండా పొడిగా ఉన్నాయి. అక్క గట్టు మీద కూర్చుని, పూర్తిగా కరిగిపోని ఇటుకలేమైనా ఉన్నాయేమోనని ఏరుతోంది. ఒకటి చేతికొచ్చింది. మూలన బొటనవేలి గుంట ఉంది, దాంట్లో నీళ్ళు నిలిచాయి. అక్క నీళ్ళు ఒంపేసి దాన్ని పక్కన పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. నన్ను ఓదార్చడానికి!

"మీ డబ్బాలో తప్పేం లేదోయ్. ఒకటి రెండు చోట్ల అన్నారుగా. అందులో ఒక చోటు మనది."

పాఠకులారా, ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. బావ మీద కాదు, వాతావరణ శాఖ మీద. ఉన్న కోట్లాది చోట్లలో ఆ ఒకటి రెండు చోట్లు ఏవో ముందు చెబితే వాళ్ళ సొమ్మేం పోతుంది? ఇంతింత యంత్రాలు పెట్టుకుని, తిరిగే ఉపగ్రహాలు పెట్టుకుని, ఒక అమాయకుణ్ణి రెండు వరసలు కప్పుకునేలా చేస్తారా? ఈ వారం కాలమ్‌లో వాళ్ళను ఉతికి ఆరేద్దామని పళ్ళు నూరుకుంటూ ఆఫీసుకు వచ్చాను. ఊరికే తిడితే బాగుండదు కాబట్టి, వాళ్ళ మాటలతోనే వాళ్ళను పట్టుకుందామని బుధవారం నాటి బులెటిన్ కోసం ఫైలు తీశాను.

దొరికింది. దాని మీద గుండ్రంగా నా టీ గ్లాసు మరక ఉంది. పదకొండు లైన్లుంది.

"రేపు, గురువారం, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు గంటల మధ్య, నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతాల్లో బలమైన ఈదురుగాలులు, పెద్ద వడగళ్ళు" అని మొదలుపెట్టి, ఎందుకొస్తున్నాయో రెండు లైన్లలో విడమరిచి, ఎవరెవరు ఏం చేయాలో వరసగా రాశారు. చెట్ల కింద నిలబడొద్దన్నారు. పశువులను పాకల్లో కట్టేసుకోమన్నారు. తొమ్మిదో లైనులో ఇలా ఉంది: "ఆరుబయట ఉన్న ధాన్యం, పచ్చి ఇటుకలు మధ్యాహ్నం పన్నెండు లోపు పూర్తిగా కప్పుకోవాలి."

పచ్చి ఇటుకలు అన్న మాట ఉంది. పూర్తిగా అన్న మాట కూడా ఉంది. మా అక్క బట్టీ నదికి ఉత్తరానే ఉంది.

మరి మా డబ్బాలో ఒకటి రెండు చోట్ల అని ఎందుకొచ్చింది? మిల్లీమీటర్ మూడు లైన్లే కావాలన్నాడు కాబట్టి అని చెబుదామనుకున్నాను. అదీ నిజం కాదు. పదకొండును మూడు చేయడానికైనా ఒకసారి చదవాలి కదా! నేను చదవలేదు. ఒకప్పుడు చదివేవాణ్ణి. చదివి, కుదించి, చివరికి రోజూ దాదాపు అదే వాక్యం తేలుతోందని గమనించి, అలాంటప్పుడు మళ్ళీ మళ్ళీ చదవడం దండగ అనుకున్నాను. అప్పటికి ఇరవై మూడు రోజులుగా తేదీ ఒక్కటే మారుస్తూ వచ్చాను. హెడ్మాస్టరు గారి కార్డు వచ్చింది ఆ ఇరవై మూడు రోజుల్లోనే. ఆయన మెచ్చుకున్న నిలకడ అదే.

అంటే ఏమైనట్టు? మబ్బు తన పని తాను చేసింది. శాఖలో ఎవరో ఒక మనిషి కుర్చీలో కూర్చుని, ఇటుకలు చేసేవాళ్ళు కూడా ఉంటారని గుర్తు పెట్టుకుని, గంటతో సహా రాసి పంపారు. అక్కడికీ మా అక్క ఇంటికీ మధ్య ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. అతను టీ తాగుతున్నాడు.

అయినా నా వాదన మారలేదు! ఆ వాక్యం వరమని మొదట్లో అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఎవరికి వరమో మాత్రం అప్పుడు చెప్పలేదు. రాసేవాడికి. ఇకమీదట బస్టాపులో ఎవరైనా వాతావరణ శాఖను ఆడిపోసుకుంటే, మా ఆఫీసు అడ్రసు చెప్పండి. కిటికీ పక్క కుర్చీ అంటే ఎవరైనా చూపిస్తారు.

ఆదివారం ఆ కాగితం జేబులో పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాగితం ఇమ్మంది. బురద చెయ్యి కొంగుకు తుడుచుకుని, వేలు పెట్టుకుంటూ మొదటి లైను నుంచి చదివింది. తొమ్మిదో లైను దగ్గర వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఎంత శ్రద్ధగా రాశారో, పాపం" అంది.

ఆ పాపం నాకు కాదు. తిడితే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

బురదను మళ్ళీ తొక్కి, మళ్ళీ అచ్చులు పోస్తున్నారు. ఇంత ఆలస్యంగా పోస్తే వానాకాలం లోపు ఆరుతాయో లేదో ఎవరూ చెప్పలేరు. అక్క మళ్ళీ ఒక్కో ఇటుకకూ బొటనవేలు నొక్కుతోంది. మిల్లీమీటర్‌ను గట్టిగా పట్టుకుంటే నాలుగో లైను ఇచ్చాడు. ఐదోది అడిగితే మళ్ళీ స్కేలు తీశాడు. హెడ్మాస్టరు గారు ఇంకో కార్డు రాశారు. ఈ మధ్య సూచన రోజుకో రకంగా ఉంటోందనీ, పాత ఉద్యోగిని తీసేశారా అనీ అడిగారు.

బావ ఇప్పటికీ పొద్దున్నే డబ్బా చదువుతాడు. అక్క మాత్రం దాని ముఖం చూడదు. రోజూ నాలుగున్నరకు నాకే ఫోను చేస్తుంది. మొదటి రోజు నేను అలవాటుగా, పేపర్లో ఏం వేస్తున్నామంటే అని మొదలుపెట్టబోతే ఆపేసింది.

"నువ్వు రాసింది వద్దురా. నీకొచ్చింది చదువు."

అప్పట్నుంచి పదకొండైనా పదిహేనైనా ఒక్కో లైనూ చదువుతున్నాను. ఆఫీసంతా వింటుంది. నిన్న బులెటిన్ బుల్లిది వచ్చింది. రెండు రోజులూ ఎండే, గాలి మామూలే, వాన లేదు. చదివి ఆపాను.

"మధ్యలో ఏమీ మింగలేదు కదా?" అంది అక్క.

"లేదక్కా."

"అయితే ఇంకోసారి చదువు."

చదివాను.